గుమ్మడికాయ ఒప్పుకోలేదు

మా బావకి గుండె ఆపరేషన్ అయ్యాక జంతువుల మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు లేదని కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సు నడిపిన మనిషి. రోడ్డుకి అడ్డంగా మేక వస్తే బ్రేకు వేసేవాడు, మేకని వదిలేసినవాణ్ణి తిట్టేవాడు, ఆదివారం దాని చుట్టాలని కూర వండించుకుని తినేవాడు. ఈ మూడు పనులకీ ఆయన మనసులో ఎప్పుడూ తగువు రాలేదు. మా జిల్లాల్లో చాలామందికి రాదు. నాకూ రాదు. నేను కొత్తవలస స్టేషన్లో టికెట్లు కొట్టే ఉద్యోగం చేస్తాను, చేపలు ఇష్టంగా తింటాను, వీధికుక్కని ఎవరైనా రాయి పెట్టి కొడితే వాళ్ళ ఇంటిదాకా వెళ్ళి గొడవ పెట్టుకుంటాను. చేపల తరఫున ఇప్పటిదాకా ఎవరి ఇంటికీ వెళ్ళలేదు.

ఆపరేషన్ విశాఖపట్నంలో జరిగింది. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు మాంసం మానేయమన్నాడు, ఉప్పూ నూనే తగ్గించమన్నాడు. బావ మొదట దీన్ని శిక్ష అనుకున్నాడు. కొన్నాళ్ళు భోజనం ముందు కూర్చుని ఎవరో పోయినట్టు మొహం పెట్టేవాడు. తర్వాత్తర్వాత, ఎలాగూ మానేయక తప్పనిదాన్ని ఇష్టపడి మానేశానని చెప్పుకుంటే కాస్త పరువుగా ఉంటుందని గ్రహించాడు. ఇంకొన్నాళ్ళకి తను చెప్పుకున్నదాన్ని తనే నమ్మేశాడు. ఫోన్లో కోళ్ళఫారాల వీడియోలు చూడటం, వాటిని పొద్దున్నే అందరికీ పంపడం మొదలుపెట్టాడు. నాకు వచ్చేసరికి నేను కౌంటర్లో ఉండేదాన్ని. కిరండూల్ వైపు వెళ్ళే ప్రయాణికుడికి చిల్లర ఇస్తూ బోనులో కోడి కళ్ళు చూసేదాన్ని.

ఇక్కడ మా అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు అప్పా నేనూ బయట ఇనపకుర్చీల్లో కూర్చున్నాం. అప్ప ఏడవలేదు. కాసేపటికి చీరకొంగు చివర ముడి వేసి, పక్కన నేనున్నానన్న ధ్యాస లేకుండా, పైకే అంది. "తల్లీ, ఈ మనిసిని నాకు ఇచ్చీ. నీకు పొట్టేలుని ఇచ్చీస్తాను."

అమ్మవారు ఇచ్చింది. కోసినవాడూ కుట్టినవాడూ డాక్టరే, అందులో అప్పకి అనుమానం లేదు, ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం కూడా పెట్టింది. కాని మనిషిని ఇవ్వడం అన్నది వేరే వ్యవహారం, అది తనకీ ఊరి అమ్మవారికీ మధ్య జరిగింది. ఇచ్చిన మాట తీర్చకపోతే ఇచ్చిన మనిషిని తిరిగి తీసుకుపోతుందని అప్ప నమ్మకం. ఇది నాకు చెప్పేటప్పుడు ఆమె గొంతులో భయం ఉంది. నేను డిగ్రీ చదివాను. ఆ భయం ముందు నా డిగ్రీకి ఏం మాట్లాడాలో తెలియలేదు.

వాళ్ళ ఊరు ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కితే అరగంట. బావ ఇంటికి వచ్చిన వారానికే అప్ప ఒక పొట్టేలుపిల్లని తెచ్చి పెరట్లో కట్టింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు మేపుళ్ళు జరిగాయి. ఉప్పు లేని బీరకాయ కూర బావకి. ఉప్పు కలిపిన తవుడు, పనసాకు, నానబెట్టిన ఉలవలు పొట్టేలుకి. ఇద్దరినీ అప్పే శ్రద్ధగా చూసుకుంది. ఇద్దరూ బాగా కోలుకున్నారు. ఒకరిని ఎందుకు మేపుతోందో రెండోవారిని కూడా అందుకే మేపుతోంది, అదీ చిక్కు.

బావకి బస్సు నడపడం ఎలాగూ అయిపోయింది. ఎండలో తిరగకూడదు, బరువు ఎత్తకూడదు, కోపం తెచ్చుకోకూడదు. ఊళ్ళో మగవాళ్ళు పొలాలకి పోయాక మాట్లాడటానికి మిగిలింది పొట్టేలు ఒక్కటే. కుర్చీ పెరట్లో వేసుకుని దానికి పేపరు చదివి వినిపించేవాడని అప్ప చెప్పింది. నేను నమ్మలేదు. ఒకసారి వెళ్ళినప్పుడు చూశాను. పేపరు చదువుతున్నాడు. పొట్టేలు, చదవడం అయిపోయిన కాగితాన్ని తింటోంది.

శీతాకాలంలో ఒకరోజు అప్ప ఫోను చేసింది. "ఒలే, సెలవెట్టుకుని బేగి రా. మీ బావకి మతి పోనాది. పండక్కి పొట్టేలుని కొయ్యనివ్వనంతన్నాడు."

మాఘమాసంలో వాళ్ళ ఊరి అమ్మవారి పండగ. మొక్కులన్నీ ఆరోజే తీరుస్తారు. నేను వారపు సెలవుకి ఇంకోరోజు కలుపుకుని వెళ్ళాను. నేను గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఇద్దరూ నన్ను చెరోవైపు లాగారు.

"ఒసే మరదలా, నువ్వయినా సెప్పు మీ అప్పకి," అన్నాడు బావ. "దాని మొకం సూడు. కొయ్యబుద్దేస్తాదేటి?"

"నాను మొక్కింది నీ మొకం సూసి. దాని మొకం సూసి కాదు," అంది అప్ప.

"పేణం నాది కాదేటే? నా పేణానికి ఇంకో పేణం నాకొద్దు."

"పేణం నీదే. మొక్కు నాది. నీ పేణం నీ దగ్గిరే ఉన్నాది కదా, ఎలగొచ్చినాదో మరిసిపోనావు."

ఈ వాదనలో ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారని నాకనిపించింది. అందువల్ల నేను ఎవరికీ పనికిరాలేదు. బావ దగ్గర కాఫీ తాగి అప్పకి చెబుతానన్నాను. అప్ప దగ్గర ఉప్మా తిని బావకి చెబుతానన్నాను. సాయంత్రానికి ఇద్దరికీ నా సంగతి అర్థమైపోయింది.

ఇంట్లో నెగ్గలేని మగవాడు ఊరికి కొత్త పద్ధతి ఆలోచిస్తాడు. బావ ఆ రాత్రి భోజనాల దగ్గర మామూలుగా, పప్పు వడ్డించమన్నట్టుగా, మర్నాడు పాలకేంద్రం దగ్గర మీటింగు పెట్టానని చెప్పాడు. ఈ ఏడు నుంచి ఊరి పండగలో ఎవ్వరూ జీవాన్ని కోయకూడదు. అందరూ గుమ్మడికాయలే కొట్టాలి. ఊరంతా ఒప్పుకుంటే అప్ప ఒక్కతీ కోయించలేదు కదా అని ఆయన లెక్క. అప్ప పప్పు వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న పాలు పోయడానికి వచ్చినవాళ్ళందరినీ ఆపి మీటింగు జరిపారు. బావ గోడకి ఆనుకుని నిలబడి మాట్లాడాడు. చొక్కా పైబొత్తాం తీసి ఉంచాడు, కుట్ల మచ్చ కనిపించేలాగ. అది కావాలనే చేశాడని నా అనుమానం.

"కాలం మారినాది," అన్నాడు. "బియ్యం మారినాయి, బస్సులు మారినాయి. అమ్మోరు మాత్రం మారకూడదేటి? నోరు లేని జీవం. మనం సిన్నప్పట్నించి సేతుల్తో మేపుతాం, పేరెట్టి పిలుస్తాం, పండగనాడు పీక కోస్తాం. గుమ్మడికాయ కొడితే అమ్మోరు సంతోసించదా? శాస్త్రంలో కూడా ఉన్నాది."

ఏ శాస్త్రంలో ఉందో ఎవరూ అడగలేదు. అడిగితే కూర్చోబెట్టి చెబుతాడని భయం.

తర్వాత ఊరు మాట్లాడింది. అంత జాలిగల ఊరు అని నాకు అంతకుముందు తెలియదు. తన ముసలి ఎద్దుని సంతలో అమ్మేసిన రోజున అన్నం తినలేకపోయానని ఒకాయన చెప్పాడు. ఎవరికి అమ్మావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తెగులొచ్చి కోళ్ళు చచ్చిపోతే వారంరోజులు ఏడ్చానని ఒకావిడ చెప్పింది. తినడానికి కూడా పనికిరాకుండా పోయాయని ఆమె బాధ. పాలకేంద్రం నడిపే ఆయన అహింస గురించి చాలాసేపు మాట్లాడాడు. వెనక పాకలో తల్లుల దగ్గరికి వదలని దూడలు అరుస్తుంటే గొంతు పెంచి మాట్లాడవలసి వచ్చింది.

బావ పక్కింటాయన చర్చికి వెళ్ళే మనిషి. తాతల నాటి నుంచి వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. "మేం మీ పండగ మాంసం ఎలాగూ ముట్టుకోం," అన్నాడు ఆయన. "అంచేత నాను పూర్తిగా ఒప్పుకుంతన్నాను."

"అలాగయితే క్రిస్మస్కి కూడా మానీ మావా," అన్నారు ఎవరో.

"అది వేరే ఇసయం," అన్నాడాయన. "పాస్టరుగారితో మాటాడాల."

చేతులు ఎత్తమన్నారు. అందరూ ఎత్తేశారు. అందరూ ఎత్తారు కాబట్టి లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. చావు దాకా వెళ్ళి వచ్చిన మనిషి బొత్తాం విప్పుకుని నిలబడి అడుగుతుంటే ఎత్తకుండా ఉండటం కష్టం. జీవహింస కావాలని చెయ్యెత్తడం ఇంకా కష్టం. పైగా ప్రతివాడికీ మనసులో ఒకటే నమ్మకం, మిగిలినవాళ్ళు ఎలాగూ పాటించరని. నేను ఆ ఊరిదాన్ని కాకపోయినా ఊపులో ఎత్తాను. అప్ప వెనక వరసలో ఉంది. ఒక చేతిలో పాలక్యాను, ఒక చేతిలో కొంగు. ఆమెని ఎవరూ అడగలేదు.

నేను కొత్తవలస వచ్చేశాను. పది పన్నెండు రోజుల తర్వాత అప్ప మళ్ళీ ఫోను. బావకి గుండెల్లో పట్టేసిందని, శ్రీకాకుళం తీసుకెళ్ళారని. నేను పరుగెత్తాను. తీరా వెళితే గ్యాసు. మాంసం మానేసినందుకు బలం తగ్గకూడదని ఎవరో వీడియోలో చెబితే రెండు పూటలా సెనగలు తింటున్నాడట. డాక్టరు సెనగలు తగ్గించమని ఇంటికి పంపేశాడు. బావ ఆటోలో తేనుపులు తీస్తూ, ఇదంతా శరీరం శుభ్రపడటంలో భాగం అని నాకు వివరించాడు.

అప్ప మాత్రం దీన్ని గ్యాసు అనుకోలేదు. "అమ్మోరు గుర్తు సేసినాది," అంది నాతో వంటింట్లో. "నాను మొక్కు తప్పుతానేమోనని అడుగుతన్నాది. ఇప్పుడు గాసు పంపినాది. తర్వాత ఏటి పంపుతాదో." బియ్యం కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఆయన పడుకుంటే ఊపిరి ఆడుతన్నాదా లేదా అని సూస్తూ కూసుంతన్నాను. ఎన్నాళ్ళని సూడనే?"

అలాంటిదేం లేదన్నాను. నేను చేయగలిగింది అదే. అది ఏ మాత్రం సరిపోలేదని అన్నప్పుడే తెలిసింది. మా అప్ప నన్ను పెంచింది. ఆమె చెయ్యి బియ్యంలో అలా ఆగిపోవడం చూస్తే నాకే ఆ పొట్టేలుని పట్టుకుపోయి కోయించాలనిపించింది. పెరట్లోకి వెళ్ళాను. అది నా చీరకొంగు నమలడానికి వచ్చింది. మళ్ళీ లోపలికి వచ్చేశాను.

పండగకి రెండు రోజుల ముందే నేను చేరుకున్నాను. ఊళ్ళో ఒక్క మేకా పొట్టేలూ లేదు. మొదట బావ ఉపన్యాసం పనిచేసిందనుకున్నాను. తర్వాత తెలిసింది, అన్నీ చుట్టరికాలకి వెళ్ళాయి. ఒకరిది కోడలి పుట్టింటికి, ఒకరిది వియ్యాలవారి ఊరికి, ఇంకొకరిది ఏకంగా పొందూరు. పండగనాడు పొద్దున్న ఇక్కడ అమ్మవారికి గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నానికి మొత్తం కుటుంబం మోటారు సైకిళ్ళ మీద వెళ్ళి వాటిని పరామర్శించాలని ఏర్పాటు. ఆమదాలవలస బజారులో బూడిదగుమ్మడికాయలు దొరకడం లేదని బావ ఎంతో సంతోషంగా చెప్పాడు. ఆ సంతోషం చూసి ఎవరూ ఆయనకి మిగతాది చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఊళ్ళో నిజంగా మిగిలిపోయిన పొట్టేలు బావ పెరట్లోది. మాటకి కట్టుబడిన ఇల్లు కూడా అదొక్కటే, అది కూడా సగమే. అప్ప ఎక్కడికీ పంపలేదు. దొంగచాటుగా తీర్చే మొక్కు మొక్కు కాదంది. కోసేదీ లేదు, పంపేదీ లేదు, ఊరికే ఉంది. తెలిసినవాళ్ళు ఎవరైనా అలా ఊరికే ఉంటే నాకు భయం వేస్తుంది.

మంగళవారం తెల్లవారాక గుడి దగ్గర చేరాం. మంచు ఇంకా వదల్లేదు. డప్పులు వేడి చేసుకోవడానికి గడ్డి మంట వేస్తే అందరూ డప్పులకంటే ముందు దాని చుట్టూ చేరారు. బావది కొత్త పద్ధతి పెట్టిన ఇల్లు కాబట్టి మొదటి కాయ బావదే అన్నారు. అప్ప తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, బొట్లు పెట్టిన గుమ్మడికాయని తెచ్చి బలిరాయి ముందు పెట్టింది. పూజారి కత్తి ఎత్తాడు.

"ఆగండి," అంది ఒక ముసలావిడ.

ఆవిడ ఊళ్ళో అందరికంటే పెద్దది. పండగలో అమ్మవారి ఘటం ఆవిడే నెత్తిన ఎత్తుకుంటుంది. ఆవిడ ఆగమంటే డప్పులు కూడా ఆగుతాయి.

"ఒప్పుదల అడగలేదు," అంది ఆవిడ. "అడక్కుండా నరికేస్తారేటి?"

మా వైపు బలి ఇచ్చే జీవాన్ని ముందు అడుగుతారు. పసుపునీళ్ళు దాని తల మీదా వీపు మీదా పోసి నిలబడతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే అమ్మవారికి అది అక్కర్లేదని వదిలేస్తారు. చలికి ఒళ్ళు విదిలించని పొట్టేలు ఎక్కడుంటుంది అని మీరు అడగవచ్చు. ఎవరూ అడగరు. నాకు తెలిసి ఈ రెండు జిల్లాల్లో ఇంత శ్రద్ధగా ఒప్పుదల తీసుకునేది వేరే ఏ పనికీ లేదు. నా పెళ్ళికి కూడా తీసుకోలేదు.

కాయని అడగక్కర్లేదని బావ అన్నాడు.

"ఏటి? దానికి పేణం లేదా?" అంది ముసలావిడ.

"లేదమ్మా. కాయ."

"మొక్కలకి కూడా పేణం ఉంటాదని మా మనవరాలికి బళ్ళో సెప్పినారు," అన్నాడు గుంపులో ఒకాయన. బళ్ళో అలాగే చెబుతారని ఇంకో ఇద్దరు అన్నారు. పాలకేంద్రం ఆయన, పేణం ఉంటుంది కాని నొప్పి ఉండదు అన్నాడు. నొప్పి లేకపోతే అసలు అది బలి ఎలాగవుతుందని ఇంకొకాయన అడిగాడు. ఈ ప్రశ్న బావకి వీడియోల్లో ఎక్కడా తగల్లేదు.

అప్ప ముందుకి వచ్చింది. చెంబుతో పసుపునీళ్ళు తీసి గుమ్మడికాయ మీద పోసింది. వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడింది.

ఊరంతా గుమ్మడికాయని చూసింది.

నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. కాయ మీంచి పసుపునీళ్ళు కారి ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. పూజారి కత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తనకి కాయైనా జీవమైనా ఒకటేనని, తొందరగా తేల్చమని అన్నాడు. ఒకాయన కాలితో కాయని మెల్లగా కదపబోతే అప్ప చూసిన చూపుకి కాలు వెనక్కి తీసుకున్నాడు. అప్ప మళ్ళీ కాయ వైపే చూస్తూ నిలబడింది. మిగతావాళ్ళకి అది గుమ్మడికాయ. ఆమెకి అది తన మొగుడు ఇంకో ఏడాది బతుకుతాడా లేదా అన్న సంగతి. జవాబు రావడం లేదు.

"కాయ ఒప్పుకోలేదు," అంది ముసలావిడ. "పొట్టేలుని తీసుకురండి. దాన్నడుగుదాం."

ఎవరో పరుగెత్తి తీసుకొచ్చేశారు. మీటింగులో చెయ్యెత్తినవాళ్ళలో ఒకడే. పొట్టేలు తాడు లాగకుండానే వచ్చింది. గుంపులో బావ కనబడగానే నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి జేబులో మూతి పెట్టింది. అప్ప చెంబు ముంచింది.

అప్పుడు బావ, కోపం తెచ్చుకోకూడని మనిషి, కోపం లేకుండానే, పొట్టేలుకి ముందుగా వెళ్ళి బలిరాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కండువా, చొక్కా తీసి పక్కన పెట్టాడు.

"దాన్నడక్కు," అన్నాడు అప్పతో. "అది గొర్రె. నీళ్ళు పడితే ఇదిలిస్తాది. దానికేటి తెల్సు. నువ్వు మొక్కింది నా పేణానికి కదా. నన్నడుగు. నాను కదిల్తే కొయ్యమను, నన్నే కొయ్యమను. కదలకపోతే నాను అమ్మోరికి అక్కర్లేదన్నమాట. నీకే ఉంచీసినట్టు. మొక్కు అక్కడితో తీరిపోనాది."

పూజారి కత్తి వెనక్కి పెట్టేసుకున్నాడు. ఇది ఆచారంలో ఉందో లేదో ముసలావిడకి కూడా వెంటనే తట్టలేదు.

"పొయ్యి," అన్నాడు బావ, కళ్ళు మూసుకుని.

అప్పకి కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో, చెంబు అవతల పారేసి బిందె ఎత్తింది. బిందెడు నీళ్ళు ఆయన నెత్తి మీద కుమ్మరించింది. మాఘమాసం పొద్దున్న నూతినీళ్ళు. దూరంగా నిలబడ్డ నాకే ఒళ్ళు జలదరించింది. బావ కదల్లేదు. బనీను ఒంటికి అతుక్కుని లోపల కుట్ల మచ్చ పొడుగునా కనిపించింది. పెదవులు బిగించాడు, పిడికిళ్ళు బిగించాడు, మెడ నరాలు బయటికొచ్చాయి. అరవై దాటిన మనిషి, గుండెకి కోత పడిన మనిషి, రాయిలాగ కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆయన వీడియోలన్నీ క్షమించేశాను.

ఆయన వెనక పొట్టేలు ఉంది. బిందెలో నీళ్ళు సగం దాని మీద పడ్డాయి. అది ముందు చెవులు ఆడించింది. తర్వాత తల, తర్వాత మెడ, తర్వాత వీపు, చివరికి తోక దాకా ఒళ్ళంతా దులిపి దులిపి విదిలించింది. అంతకంటే స్పష్టంగా ఒప్పుకున్న పొట్టేలుని నేను చూడలేదు. నీళ్ళు ముందు వరసలో ఉన్నవాళ్ళందరి మొహాల మీదా చిమ్మాయి.

అందరూ మొహాలు తుడుచుకున్నారు. ఒకాయన ఆకాశంలోకి చూశాడు. ఒకాయన డప్పు తోలు సరిచూశాడు. వియ్యాలవారి ఊళ్ళో మేకని దాచినవాడు, పొందూరు పంపినవాడు, ఎద్దుని అమ్మినవాడు, ఒక్కరు మిగలకుండా అందరూ ఒకేసారి ఇంకోవైపు చూశారు. బావ తెచ్చిన పద్ధతికి ఆ ఊళ్ళో నిజమైన మద్దతు దొరికింది అప్పుడే. ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

ముసలావిడకి ఈమధ్యే కళ్ళ ఆపరేషన్ అయింది. నాకంటే బాగా కనిపిస్తుంది. ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "నాకు సరిగ్గా అవుపడ్లేదు," అంది. అప్ప వైపు తిరిగింది. "మొక్కు నీది. నువ్వే సెప్పాల. ఒప్పుకున్నాదా?"

ఈ వ్యవహారం మొదలయ్యాక అప్పని ఎవరైనా అడగడం అదే మొదలు. అప్ప పొట్టేలు వైపు చూసింది. దాని ఒంటి మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. నీళ్ళు కారుతూ కళ్ళు మూసుకుని కూర్చున్న మొగుడి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"లేదు," అంది. "కదల్లేదు. ఇద్దరూ కదల్లేదు."

డప్పులు మోగాయి. పూజారి గుమ్మడికాయని ఒక్క దెబ్బతో రెండు చెక్కలు చేశాడు. బావ కళ్ళు తెరిచి గట్టిగా ఒకసారి వణికి, తుమ్మి, లేచి నిలబడ్డాడు. గెలిచిన మొహం. పొట్టేలు తాడు పట్టుకుని అందరికీ దండం పెడుతూ ఇంటికి నడిచాడు. మధ్యాహ్నానికి ఊరు ఖాళీ అయింది. మోటారు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి చుట్టరికాలకి బయల్దేరాయి.

ఇంట్లో భోజనానికి తీపి గుమ్మడికాయ దప్పళం అనుకున్నాం. అప్ప పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. బావ ముందు అరుగు మీద పొడి తువ్వాలు కప్పుకుని ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, మొత్తం ఊరు ఎలా మారిందో. వచ్చే ఏడు పెళ్ళిభోజనాల సంగతి కూడా తేలుస్తాడట.

"అప్పా," అన్నాను మెల్లగా, "నువ్వు సూసినావు కదా."

"సూసినాను. సక్కగా ఒప్పుకున్నాది."

"మరి లేదన్నావేటి?"

అప్ప గుమ్మడికాయ లోపలి గింజలు చేత్తో తీసి ఆరబెట్టడానికి చేటలో వేసింది. "అలగ కూసున్నాడు కదే," అంది. "ఆ నీల్లకి ఆయన గుండె ఆగిపోతాదేమో అనుకున్నాను. పోసీసినాక గానీ నాకు ఆ గేనం రాలేదు. ఆయన్ని బతికించుకోడానికి ఆయన్నే సంపుతన్నానేటి అనుకున్నాను." గింజలు సర్దింది. "అందుకని అమ్మోరికి అక్కడే సెప్పీసినాను. అబద్దం ఆడుతన్నాను తల్లీ, తెల్సే ఆడుతన్నాను. మొక్కు నాది, తప్పింది నాను. ఆయన జోలికి రాకు. లెక్క తేల్సుకోవాలంటే నన్ను తీసుకుపో."

కరివేపాకు తెమ్మన్నట్టు చెప్పింది.

"ఆయనకి సెప్పకు," అంది. "సెప్తే దీనికి కూడా మీటింగెడతాడు."

అరుగు మీంచి బావ తుమ్మాడు. వేడినీళ్ళు కావాలని కేకేశాడు. అప్ప కత్తిపీట నా వైపు తిప్పి, ముక్కలు పెద్దవిగా తరగమని చెప్పి, లేచి వెళ్ళింది. నేను గుమ్మడికాయ తరుగుతూ ఏడ్చాను. ఎవరైనా వచ్చి అడిగితే వంక చెప్పడానికి అది ఉల్లిపాయ కూడా కాదు.